రోజూ వాడటానికి మీడియం ఫార్మాట్ కెమెరా: ఫ్యూజీనా, హాసెల్‌బ్లాడా? పల్నాడు ఎండలో లెక్క చూద్దాం

2021లో వన్‌ప్లస్ 9 సిరీస్ వచ్చినప్పటి నుంచి హాసెల్‌బ్లాడ్ అనే పేరు మన కుర్రాళ్ళకి బాగా అలవాటైంది. ఫోన్ వెనక ఆ పేరు చూస్తాం, తర్వాత యూట్యూబ్‌లో అసలు హాసెల్‌బ్లాడ్ కెమెరా ఎలా ఉంటుందో వెతుకుతాం. పక్కనే ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్‌ఎక్స్ వీడియోలు కనిపిస్తాయి. ఇక అక్కడి నుంచి ఒకటే డౌటు: ఈ రెండిట్లో రోజూ బ్యాగ్‌లో వేసుకుని తిరగడానికి ఏది కరెక్ట్?

ఇది సరదా ప్రశ్న కాదు. లెన్స్‌తో కలిపితే ఎకరం మిర్చి పెట్టుబడి కంటే ఎక్కువ డబ్బు అవుతుంది. నరసరావుపేటలోనో మాచర్లలోనో పెళ్ళి ఫొటోలు తీసే కుర్రాడు ఈఎంఐ పెట్టి కొంటే, రెండు మూడేళ్ళ సంపాదన దాని మీద ఆధారపడుతుంది. అందుకని షార్ట్‌గా ముందే చెప్పేస్తా: సెన్సర్ చూసి ఈ రెండిటి మధ్య తేల్చుకోలేం. రెండు కంపెనీల 100 మెగాపిక్సెల్ కెమెరాల్లోనూ సెన్సర్ సైజు ఒకటే. తేడా అంతా సెన్సర్ చుట్టూ ఉన్నవాటిలో ఉంది: షట్టర్, ఫోకస్, ఫైలు సైజు, లెన్స్ ఖర్చు. ఒక్కోటీ చూద్దాం.

ముందు సైజు సంగతి

ఈ కెమెరాల సెన్సర్ 43.8 × 32.9 మిల్లీమీటర్లు. అంటే సుమారు 1441 చదరపు మి.మీ. ఫుల్ ఫ్రేమ్ కెమెరాది 864. అంటే 1.67 రెట్లు పెద్దది. ఫోన్లలో పెద్దదిగా చెప్పుకునే ఒక అంగుళం సెన్సర్ సుమారు 116 మాత్రమే. ఫోన్ నుంచి వచ్చేవాడికి 12 రెట్ల తేడా. ఫుల్ ఫ్రేమ్ నుంచి వచ్చేవాడికి మాత్రం అది రెండు రెట్లు కూడా కాదు. ఇది గుర్తుంచుకోండి.

ఇంకో సరదా విషయం. ఒకప్పుడు మన ఇళ్ళల్లో కనిపించిన, మన దేశంలోనే తయారైన ఆగ్ఫా క్లిక్ 3 కూడా మీడియం ఫార్మాటే. 120 రోల్ వేస్తే 12 ఫొటోలు. ఒక్కో నెగటివ్ సుమారు 56 × 56 మి.మీ. అంటే ఇప్పటి ఈ లక్షల కెమెరాల సెన్సర్‌కి రెండు రెట్ల పైనే! కాబట్టి "మీడియం ఫార్మాట్" అనే పేరు చూసి పడిపోవద్దు.

"బోకే పిచ్చెక్కిస్తుంది" అనే మాట కూడా లెక్కపెట్టి చూడాలి. ఈ సెన్సర్ మీద ఎఫ్/2.8 లెన్స్ ఇచ్చే బ్లర్, ఫుల్ ఫ్రేమ్‌లో సుమారు ఎఫ్/2.2తో సమానం. ఫ్యూజీ 80 ఎంఎం ఎఫ్/1.7 లెన్స్ తీసుకున్నా ఫుల్ ఫ్రేమ్‌లో 63 ఎంఎం ఎఫ్/1.35 లాంటిదే. ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్/1.2 లెన్స్‌లు ఎలాగూ ఉన్నాయి. కేవలం బ్లర్ కోసం మీడియం ఫార్మాట్ కొనక్కర్లేదు.

బరిలో ఉన్న మూడు

1. ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్‌ఎక్స్100ఎస్-2. 2024 మేలో 4,999 డాలర్లకి వచ్చింది. బ్యాటరీ, కార్డుతో 883 గ్రాములు.

2. హాసెల్‌బ్లాడ్ ఎక్స్2డీ-2 100సీ. 2025 ఆగస్టులో 7,399 డాలర్లకి వచ్చింది. బరువు సుమారు 840 గ్రాములు. లోపలే 1 టీబీ ఎస్ఎస్‌డీ ఉంది.

3. ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్‌ఎక్స్100ఆర్ఎఫ్. 2025 మార్చిలో 4,899 డాలర్లకి వచ్చింది. 35 ఎంఎం ఎఫ్/4 లెన్స్ ఫిక్స్‌డ్, మార్చలేం. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 28 ఎంఎం. బరువు 735 గ్రాములు.

ఇవి అమెరికాలో రిలీజ్ అయినప్పటి బాడీ ధరలు. మన దగ్గర దిగుమతి ఖర్చులు, జీఎస్టీ కలుస్తాయి కాబట్టి డాలర్‌ని రూపాయిల్లోకి మార్చేసి అదే ధర అనుకోకండి.

తేడా 1: షట్టర్. మధ్యాహ్నం కోటప్పకొండ దగ్గర

హాసెల్‌బ్లాడ్ ఎక్స్‌సీడీ లెన్స్‌ల్లో షట్టర్ లెన్స్ లోపలే ఉంటుంది. దీన్ని లీఫ్ షట్టర్ అంటారు. జీఎఫ్‌ఎక్స్100ఎస్-2లో మాత్రం షట్టర్ బాడీలో, సెన్సర్ ముందు పరదాలా కదులుతుంది. చదవడానికి చిన్న తేడాలా ఉంటుంది కానీ మన ఎండలో ఇదే పెద్ద తేడా.

శివరాత్రి తిరునాళ్ళకి కోటప్పకొండ కింద ఎత్తైన ప్రభ ముందు మీ ఫ్రెండ్‌ని నిలబెట్టి, మిట్టమధ్యాహ్నం ఫొటో తీయాలి అనుకోండి. సూర్యుడు నెత్తిమీద, కళ్ళ కింద నల్లటి నీడలు. ఫ్లాష్ కొట్టి ఆ నీడలు తీసేయాలి. నడి ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్/16కి షట్టర్ సుమారు 1/100. ముఖం మీద దృష్టి ఉండాలని ఎఫ్/4కి వస్తే షట్టర్ 1/1600 కావాలి.

లీఫ్ షట్టర్‌తో 1/2000 వరకు మామూలు ఫ్లాష్ పనిచేస్తుంది. కాబట్టి చిన్న ఫ్లాష్‌తోనే పని అయిపోతుంది. జీఎఫ్‌ఎక్స్100ఎస్-2లో ఫ్లాష్ సింక్ 1/125 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఎండ దాదాపు నాలుగు స్టాపులు ఎక్కువ. దాన్ని ఎన్‌డీ ఫిల్టర్‌తో తగ్గించొచ్చు, కానీ ఆ ఫిల్టర్ ఫ్లాష్ వెలుగుని కూడా అంతే తగ్గిస్తుంది. నాలుగు స్టాపులంటే 16 రెట్లు. హై స్పీడ్ సింక్ పెడితే కూడా ఫ్లాష్ పవర్ బాగా పడిపోతుంది. అంటే పెద్ద స్ట్రోబ్, పెద్ద బ్యాటరీ, పట్టుకోవడానికి ఇంకో మనిషి. చిన్న ఆర్ఎఫ్‌లో మాత్రం లీఫ్ షట్టరే ఉంది. ఫ్లాష్ లేనప్పుడు పనికొచ్చేలా నాలుగు స్టాపుల ఎన్‌డీ కూడా లోపలే పెట్టారు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. హాసెల్‌బ్లాడ్ బాడీలో వేరే షట్టర్ లేదు. అడాప్టర్ వేసి పాత లెన్స్ బిగిస్తే ఎలక్ట్రానిక్ షట్టర్ ఒక్కటే దిక్కు. 100 మెగాపిక్సెల్ సెన్సర్‌ని వరసలు వరసలుగా చదవడం నెమ్మది. కదిలేవి వంగిపోతాయి, రాత్రి ప్రభల ఎల్ఈడీ లైట్ల కింద ఫొటో మీద చారలు పడొచ్చు. పాత మాన్యువల్ లెన్స్‌ల పిచ్చి ఉన్నవాళ్ళకి ఫ్యూజీనే నయం.

తేడా 2: కదిలేవాటి మీద ఫోకస్

రోజువారీ అంటే నిలబడి పోజు ఇచ్చేవాళ్ళు కాదు. ఇంట్లో పరిగెత్తే పిల్లలు, ఊళ్ళో బండలాగుడు పోటీల్లో గిత్తలు. హాసెల్‌బ్లాడ్ కదిలేవాటిని వెంటాడే కంటిన్యువస్ ఆటోఫోకస్‌ని ఎక్స్2డీ-2లోనే మొదటిసారి తెచ్చింది. లైడార్ కూడా పెట్టింది. 2022లో వచ్చిన పాత ఎక్స్2డీ 100సీలో ఇవి లేవు. సెకండ్ హ్యాండ్‌లో పాతది తక్కువకి దొరికినా పిల్లల ఫొటోలకి తీసుకోవద్దు.

అయినా వేగంలో ఫ్యూజీనే ముందు. జీఎఫ్‌ఎక్స్100ఎస్-2 సెకనుకి 7 ఫొటోలు తీస్తుంది, హాసెల్‌బ్లాడ్ సుమారు 3. ఇక వీడియో కావాలంటే ఆలోచించక్కర్లేదు. ఫ్యూజీలో 4కే ఉంది, హాసెల్‌బ్లాడ్ ఎక్స్2డీ రెండు మోడళ్ళలోనూ వీడియోనే లేదు. పెళ్ళిలో "తమ్ముడూ, ఒక చిన్న రీల్ తియ్" అని అడిగితే మళ్ళీ జేబులోంచి ఫోనే తీయాలి.

తేడా 3: చేతి వణుకు

మాచర్ల దాటాక సాగర్ దారిలో ఎత్తిపోతల జలపాతం ఉంది కదా. నీళ్ళు పాలలా రావాలంటే షట్టర్ పావు సెకను, అర సెకను తెరిచి ఉంచాలి. కంపెనీ లెక్క ప్రకారం స్టెబిలైజేషన్ జీఎఫ్‌ఎక్స్100ఎస్-2లో 8 స్టాపులు, ఎక్స్2డీ-2లో 10 స్టాపులు. రెండిట్లోనూ ట్రైపాడ్ లేకుండా ఇలాంటి షాట్ ట్రై చేయొచ్చు. ఆర్ఎఫ్‌లో బాడీ స్టెబిలైజేషన్ లేదు. పైగా వ్యూ పాయింట్ జలపాతానికి దూరంగా ఉంటుంది, 28 ఎంఎంలో జలపాతం చిన్నగా కనిపిస్తుంది. క్రాప్ చేయొచ్చు. 63 ఎంఎం కోణానికి క్రాప్ చేసినా ఇంకా 20 మెగాపిక్సెల్ మిగులుతాయి. కానీ క్రాప్ చేసేకొద్దీ వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది.

తేడా 4: ఫైలు

కొనే ముందు చాలామంది ఆలోచించనిది ఇదే. 11,648 × 8,736 పిక్సెల్స్ అంటే పది కోట్లకి పైనే. ఒక్కో పిక్సెల్‌కి 2 బైట్లు వేసుకోండి: ఒక రా ఫైలు సుమారు 200 ఎంబీ. ఒక రోజులో 500 ఫొటోలు తీస్తే 100 జీబీ. పెళ్ళికి 3,000 తీస్తే 600 జీబీ, బ్యాకప్‌తో 1.2 టీబీ. హాసెల్‌బ్లాడ్ లోపలి 1 టీబీకి సుమారు 4,600 ఫొటోలు. ఫ్యూజీలో లాస్‌లెస్ కంప్రెషన్ పెడితే సైజు సగానికి దగ్గరగా తగ్గుతుంది. రోజూ వాడేవాడికి ఇది నిజంగా పెద్ద ప్లస్. అలాగే ఫ్యూజీలో రెండు ఎస్‌డీ కార్డులు పెట్టి ఒకేసారి రెండు కాపీలు రాయించుకోవచ్చు.

మరి ఇన్ని పిక్సెల్స్ ఎక్కడ పనికొస్తాయి? ఇన్‌స్టా పోస్టు 1080 × 1350, అంటే ఒకటిన్నర మెగాపిక్సెల్ కూడా లేదు. 100లో 98 పిక్సెల్స్ పారేసినట్టే. 12 × 36 పెళ్ళి ఆల్బమ్ తీసుకోండి. ఒక పేజీకి, అంటే 18 అంగుళాల వెడల్పుకి, 24 మెగాపిక్సెల్ కెమెరా 333 డీపీఐ ఇస్తుంది. చాలా ఎక్కువ. రెండు పేజీలు కలిపి 36 అంగుళాలు ఒకే ఫొటో వేస్తే అదే కెమెరా 167కి పడిపోతుంది, ఈ 100 మెగాపిక్సెల్ కెమెరాలు మాత్రం 323 దగ్గర నిలబడతాయి. మీ ఆల్బమ్స్‌లో అలాంటి స్ప్రెడ్‌లు ఎన్ని ఉంటాయో మీరే లెక్కేసుకోండి.

రంగులు: మిర్చి పరీక్ష

ఫ్యూజీలో ఫిల్మ్ సిమ్యులేషన్లు ఉన్నాయి. కెమెరాలోంచి వచ్చిన జేపెగ్‌ని అలాగే పంపించేయొచ్చు. హాసెల్‌బ్లాడ్ ఒకే రంగుల పద్ధతి పెట్టుకుంది. చర్మం రంగు నేచురల్‌గా ఉంటుందని దానికి పేరు. ఎక్స్2డీ-2 హెచ్‌డీఆర్ ఫొటోలు ఇస్తుంది, హెచ్‌డీఆర్ స్క్రీన్ ఉన్న ఫోన్లో ఎండ మెరుపు కనిపిస్తుంది.

ఏది తీసుకున్నా కళ్ళాల్లో ఆరబోసిన మిర్చి తీసి చూడండి. మామూలు హిస్టోగ్రామ్ బాగానే ఉన్నా ఎరుపు చానెల్ ఒక్కటే నిండిపోయి, కాయల మీద ముడతలు పోయి ఎర్రటి ముద్దలా వస్తుంది. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఆన్ చేసి, ఎరుపు కుడి అంచుని తాకకుండా ఎక్స్‌పోజర్ తగ్గించండి. ఇది కెమెరా బ్రాండ్ మారిస్తే పోయే సమస్య కాదు. పిడుగురాళ్ళ సున్నం బట్టీల తెలుపుకి కూడా ఇదే జాగ్రత్త.

లెన్స్‌లు కలిపితే లెక్క మారుతుంది

ఫ్యూజీలో 50 ఎంఎం ఎఫ్/3.5, 35-70 జూమ్ రెండూ 999 డాలర్లకి రిలీజ్ అయ్యాయి. 50 ఎంఎం బరువు 335 గ్రాములే. హాసెల్‌బ్లాడ్‌లో తక్కువ ధరలో 45పీ ఉంది, 320 గ్రాములు, రిలీజ్ ధర 1,099. 38వీ అయితే 3,699, కొత్త 35-100 జూమ్ 4,599. మొదటి లెన్స్‌తో తేడా పెద్దగా తెలియదు, రెండో లెన్స్ కొనేటప్పుడే జేబుకి తెలుస్తుంది.

ఎవరికి ఏది?

ఇంటి ఫొటోలు, పండగలు, ప్రయాణాలు, అప్పుడప్పుడు వీడియో, అన్నీ ఒకే కెమెరాతో కావాలంటే జీఎఫ్‌ఎక్స్100ఎస్-2. రోజువారీ వాడకానికి నా ఓటు దీనికే.

అవుట్‌డోర్ పోర్ట్రెయిట్, ప్రీ వెడ్డింగ్ షూట్‌లు మీ పని అయితే, ఎండలో ఫ్లాష్ తప్పనిసరి అయితే ఎక్స్2డీ-2. ఆ ఎక్కువ డబ్బు లీఫ్ షట్టర్ కోసం పెడుతున్నారని స్పష్టంగా తెలిసి పెట్టండి, పేరు కోసం కాదు.

వీధులు, గుళ్ళు, ఊళ్ళు తిరిగి తీసేవాళ్ళకి, ఒక్క లెన్స్ చాలనుకునేవాళ్ళకి ఆర్ఎఫ్. రాత్రి ఫొటోలు ఎక్కువైతే వద్దు.

ఫొటోలు చివరికి ఇన్‌స్టాకి, ఒక్కో పేజీ ఆల్బమ్‌కే వెళ్తే మూడూ వద్దు. మంచి ఫుల్ ఫ్రేమ్ బాడీ, రెండు మంచి లెన్స్‌లు, ఒక ఫ్లాష్ కొన్నా డబ్బు మిగులుతుంది.

చివరిగా ఒక మాట. అడ్వాన్స్ కట్టే ముందు షాపువాళ్ళని రెండు అడగండి: రిపేర్ వస్తే కెమెరా ఏ ఊరికి పంపాలి, తిరిగి రావడానికి ఎన్ని రోజులు? పెళ్ళిళ్ళ సీజన్‌లో కెమెరా నెల రోజులు కనిపించకపోతే మీ దగ్గర రెండో బాడీ ఉందా? తర్వాత హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక వీకెండ్ అద్దెకి దొరుకుతుందేమో కనుక్కోండి. మిట్టమధ్యాహ్నం ఫ్లాష్‌తో ఒక పోర్ట్రెయిట్, పరిగెత్తే పిల్లాడు, రాత్రి ఎల్ఈడీ లైట్లు, ఈ మూడూ తీయండి. ఆ రా ఫైళ్ళని మీ లాప్‌టాప్‌లోనే ఓపెన్ చేయండి. ఒక్కో ఫొటో లోడ్ అవ్వడానికి టీ తాగొచ్చేంత టైమ్ పడుతుంటే, కెమెరా బడ్జెట్‌లో కొత్త లాప్‌టాప్ కూడా కలిపి మళ్ళీ లెక్కేయండి.