మీకు తెలుసా? అద్దె కాగితంలో 11 నెలలే ఎందుకు?

ఇల్లు విడిచి విశాఖలో, ఏ గాజువాకలోనో మద్దిలపాలెంలోనో గది తీసుకునే కుర్రాళ్ల అద్దె ఒప్పందంలో సాధారణంగా 11 నెలలే రాసి ఉంటాయి. ఏడాదికి ఒక్క నెల తక్కువ! 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, ఏడాది దాటే లీజును రిజిస్టర్ చేయించి తీరాలి. ఆ ఖర్చూ, ఆఫీసు చుట్టూ తిరుగుడూ తప్పించుకోవడానికే ఈ లెక్క మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1999 సవరణతో ఎంత గడువు లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది; అయినా 11 నెలల అలవాటు పోలేదు. గడువు తీరగానే అద్దె పెంచుకోవడం ఓనరుగారికి అదనపు లాభం. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికినవాళ్లలో చాలామందికి ఈ తంటా ఉండేది కాదు. ఫ్యాక్టరీ టౌన్‌షిప్ ఉక్కునగరంలో కంపెనీ క్వార్టర్లుండేవి.

అన్నట్టు, మీరు మకాం మార్చినా ఓటు దానంతటది మారదు. కొత్త చిరునామాకు మార్చుకోవాలంటే ఫారం 8 నింపాలి. ఇంకో మాట: ఓనరుకు అడ్వాన్సు ఇచ్చేముందు, అది ఎప్పుడు, ఎంత కోతతో తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి.