మలుపుల కథయు, మన పాఠకురాండ్ర తీర్పులును

అపరాధ పరిశోధక నవల లనిన మన యిండ్లలో నేటికిని చిన్నచూపు కలదు. పురాణము చదివిన పుణ్యము, వంటల పుస్తకము చదివిన ప్రయోజనము. హత్య కథ చదివిన నేమి వచ్చునని పెద్దలు ప్రశ్నింతురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పదలచియే యీ వ్యాసమును వ్రాయుచున్నాము. అయితే ఆ సమాధానము మా యొక్కరిది కాదు. ఈ వేసవిలో కర్నూలు పట్టణమున ఒక యింటి వసారాలో ఏడు మధ్యాహ్నములు కూర్చుండి, ఒక నవలను మొదటినుండి తుదివరకు విని, తుదకు ఒకరితో నొకరు కలహించినంత పని చేసిన యెనమండుగురు స్త్రీలది.

కర్నూలు వేసవిని గూర్చి తెలియనివారికి చెప్పవలసిన దొకటి కలదు. పండ్రెండు గంటలు దాటిన పిమ్మట వీథిలో కాలు పెట్టుట కష్టము. తలుపులు దగ్గరకు వేసికొని, నేలపై నీళ్లు చల్లుకొని, చేటలలో బుడ్డలు పోసికొని ఒలుచుచు కాలక్షేపము చేయవలసినదే. ఆ యింటి కోడలు ఇంగ్లీషు పుస్తకమును ఒడిలో నుంచుకొని, ఒక్కొక్క ప్రకరణమును చదివి తెలుగులో చెప్పుచు వచ్చినది. వినువారిలో కళాశాలలో చదువు కన్య మొదలు ఎనుబది యేండ్లు దాటిన అవ్వ వరకు కలరు.

పెద్దవారి కీ జాతి కథలు క్రొత్తవి కావు. కొమ్మూరి సాంబశివరావుగారు సృష్టించిన డిటెక్టివు యుగంధరును, అతని సహాయకుడు రాజును వారు చిన్ననాటి చుట్టముల వలె తలచుకొనిరి. టెంపోరావుగారి నవలలను, ఆరుద్రగారి ‘పలకల వెండి గ్లాసు’ను కూడ జ్ఞప్తికి తెచ్చుకొనిరి. అద్దె పుస్తకముల అంగడినుండి తమ్ముని చేత తెప్పించుకొని, అత్తగారి కంట బడకుండ బియ్యపు డబ్బా వెనుక దాచి చదివితి నని ఒకరు చెప్పిరి. కడపటి పుట చినిగిపోయిన పుస్తకము చేతికి రాగా, హంతకు డెవరో తెలియక నలువది యేండ్లుగా బాధపడుచున్నా నని మరియొకరు చెప్పగా అందరును నవ్విరి.

వారు విన్న నవల అగాథా క్రిస్టీ 1926లో ప్రకటించిన ‘రోజర్ ఆక్రాయిడ్ హత్య’. ఆమె 1890లో ఇంగ్లండులోని టార్కీ పట్టణమున జన్మించినది. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున ఆ యూరి ఆసుపత్రిలో పనిచేయుచు మందుల గదిలో విషముల గుణములను, మోతాదులను నేర్చుకొనినది. ఆ విద్యయే పిమ్మట ఆమె కథలకు పెట్టుబడి యయ్యెను. ఆమె 1976లో స్వర్గస్థురా లయ్యెను గాని ఆమె పుస్తకములు నేటికిని అమ్ముడుపోవుచునే యున్నవి.

కథ యిట్టిది. ఒక చిన్న పల్లెలో ఫెరర్సు అను ధనిక వితంతువు నిద్రమందు మితిమీరి పుచ్చుకొని మరణించును. త్రాగుబోతై తన్ను హింసించిన భర్తకు ఏడాది క్రిందట ఆమెయే విషము పెట్టినది. ఆ రహస్య మెరిగిన యొకడు దానిని బయట పెట్టుదునని బెదరించి ఆమె సొమ్మును గుంజుచు వచ్చెను. ఆమెను వివాహమాడ నెంచిన ఆక్రాయిడు అను పెద్దమనిషికి, ఆ దుర్మార్గుని పేరు తెలుపుచు ఆమె చనిపోవుటకు ముందు ఒక యుత్తరము వ్రాసినది. ఉత్తర మందిన రాత్రియే ఆక్రాయిడు తన గదిలో కత్తిపోటునకు గురియగును, ఉత్తరము మాయమగును. ఉద్యోగము మాని ఆ పల్లెలో కూరగాయలు పెంచుకొనుచున్న ప్వారో అను డిటెక్టివు చిక్కు విప్పుటకు పూనుకొనును. హంతకు డెవరో మేము చెప్పము. చెప్పిన యెడల ఇంకను చదువని సోదరీమణులు మమ్ము క్షమింపరు.

ఏడవ మధ్యాహ్నమున ఆ పేరు బయటపడినప్పుడు వసారాలో కొంతసేపు ఎవరును మాటాడలేదు. పిమ్మట మొదలైనది తగవు.

ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించిన యొకామె కోపముతో, ‘ఇది మోసము. నమ్మి వెంట నడచిన వారిని నూతిలో త్రోసినట్లున్నది’ అనిరి. కళాశాల విద్యార్థిని ఒప్పుకొనలేదు. ‘పెద్దమ్మా, ఆమె ఎక్కడ అబద్ధ మాడినదో చూపుము’ అని పుస్తకమును తీసికొని వెనుకటి పుటలు త్రిప్పినది. హత్య జరిగిన రాత్రిని వర్ణించు ప్రకరణమును మరల చదివించిరి. ఒక్క మాటయు అబద్ధము లేదు. కొన్ని నిమిషములలో జరిగిన దేమో చెప్పకుండ వాక్యము మెల్లగా దాటిపోయినది, మనము గమనింపలేదు. మొదటి యామె కోపము సగము చల్లారినది గాని, ‘చెప్పక దాచుట మాత్రము అబద్ధము కాదా?’ యను ప్రశ్నను వదలలేదు.

ఈ తగవు కర్నూలులో పుట్టినది కాదు. నవల వెలువడిన నాడే ఇంగ్లండులో పాఠకులు రెండు పక్షములైరి. తానును ప్రసిద్ధ రచయిత్రియైన డొరోథీ సేయర్సు, ప్రతివారిని అనుమానించుట పాఠకుని ధర్మమే యని క్రిస్టీని సమర్థించెను. 1929లో రోనాల్డు నాక్సు అను మతగురువు ఈ జాతి నవలలకు పది నియమములను కూర్చెను. హంతకుడు కథ ప్రారంభముననే కనబడవలెను. దయ్యములు భూతములు చిక్కు విప్పరాదు. లోకమునకు తెలియని విషములు తేరాదు. ముందుగా సూచింపక కవలపిల్లలను దింపరాదు. డిటెక్టివునకు దొరికిన జాడ పాఠకునకును కనబడవలెను. కవలల నియమము విని మావారందరు పెద్దగా నవ్విరి. మన సినిమాలకు ఆ నియమము వర్తించిన యెడల ఎన్ని మిగులునో!

మంచి మలుపునకును చెడ్డ మలుపునకును గల భేదమును ఆ యింటి యజమానురాలు చేటతో చెప్పిరి. ‘బియ్యములో రాయి ఉన్నది; చెరిగినాను, కనబడలేదు; పంటి క్రింద పడినది. అది నా తప్పు. వండిన అన్నములో ఎవరో తెచ్చి రాయి వేసిరనుకొనుము. అది వారి తప్పు.’ ఇంతకంటె తేటగా విమర్శకులు చెప్పగలరని మేము తలచము. కథ ముగిసిన పిమ్మట మొదటికి పోయి చదివినప్పుడు ఆ రాయి అక్కడనే ఉండవలెను. అట్లున్నది గనుకనే కాబోలు, 2013లో బ్రిటనులోని నేరకథా రచయితల సంఘమువారు ఈ నవలనే ఆ జాతిలో అత్యుత్తమమైన దానినిగా ఎన్నుకొనిరి.

మావారికి అన్నిటికంటె నచ్చిన పాత్ర డిటెక్టివు కాదు. ఆ పల్లె వైద్యుని అక్క కారొలిను. ఆమె గడప దాటదు. పాలవాడు, పనిమనిషి, పొరుగింటి వంటగత్తె తెచ్చు వార్తలను కలిపి కుట్టుకొని, లోకము గుర్తింపకముందే సత్యమును గుర్తించును. ఫెరర్సుల యింట విషప్రయోగము జరిగినదని మొదటినుండి అనినది ఆమెయే. తమ్ముడు వైద్యుడై యుండియు, ఊహలని కొట్టివేసెను. క్రిస్టీకి ఈ పాత్రపై మక్కువ కలిగెను. 1930లో తొలి నవలతో వచ్చిన మిస్ మార్పిల్ అను ముసలి డిటెక్టివునకు కారొలినే మూలమై యుండవచ్చునని ఆమెయే తన జీవిత చరిత్రలో చెప్పుకొనినది. ‘మనము చూచిన దానిని వాగుడందురు, మగవారు చూచిన దానిని దర్యాప్తందురు’ అని ఒకరనగా వసారా అంతయు ఔనని తల యూపినది.

పిమ్మట ఫెరర్సు దొరసానిని గూర్చిన తగవు వచ్చినది. త్రాగి కొట్టు భర్తను భరించిన దానిపై జాలి పడవలెనా, విషము పెట్టిన చేతిని నిందింపవలెనా? ముగ్గురు జాలియనిరి. ఇద్దరు, ‘హత్య హత్యయే, నేడు జాలి చూపిన, రేపు ఎవరి గిన్నెలో నేమి కలియునో’ అనిరి. తక్కినవారు మాటాడలేదు. మేము గమనించిన దేమనగా, ఆమె రహస్యమును పట్టుకొని సొమ్ము గుంజిన వానిని మాత్రము ఎనమండుగురును ఏకకంఠముతో తిట్టిరి. చెప్పుకొనుటకు పుట్టిల్లు గాని నేస్తము గాని లేని స్త్రీ రహస్యము ఎంతటి ఉరిత్రాడో వారికి పుస్తకము చెప్పనక్కరలేదు.

అంతవరకు బుడ్డ లొలుచుచు మౌనముగా నున్న అవ్వ అప్పు డడిగినది: ‘సచ్చినోడి కోసరం ఎవురూ ఏడ్సలేదేందమ్మా?’

కోడలు పుటలు త్రిప్పి చూచినది. నిజమే. ఆక్రాయిడు చనిపోయిన పిమ్మట తమ్ముని భార్యకు వీలునామా దిగులు. సేవకులకు ఉద్యోగపు దిగులు. తక్కినవారికి ఎవరి రహస్యము వారికి. కడుపు నిండ ఏడ్చినవారు కనబడరు. అవ్వ మరల అనినది: ‘మా యన్నను నరికినప్పుడు ఎవురు చేసిండేదీ ఊరందరికీ తెల్సు. మా వొదిన పిల్లోళ్లను ఎట్ల సాకిండేదే ఎవురికీ తెల్దు.’

1945లో అమెరికా విమర్శకుడు ఎడ్మండు విల్సను, ఆక్రాయిడును ఎవరు చంపిన ఎవరికి కావలెనను అర్థము వచ్చు శీర్షికతో వ్యాసము వ్రాసి ఈ జాతి నవలలనే తీసివేసెను. చదువు రాని మన అవ్వ అడిగినది అంతకంటె లోతైన ప్రశ్న. చంపినవా డెవరని అందరమును ఏడు దినములు అడిగితిమి. చచ్చినవాడు ఎవరికేమి కావలెనని ఆమె యొక్కతెయే అడిగినది.

ఈ మాటకు మన సీమలో ప్రత్యేకమైన బరువు కలదు. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’ వంటి చిత్రములు వచ్చిన పిమ్మట, సీమయనిన కత్తులు బాంబులు తప్ప మరేమియు లేవన్న భావము పరాయి ప్రాంతములలో పాతుకొనినది. 2003లో ‘ఒక్కడు’ చిత్రము తరువాత మన కొండారెడ్డి బురుజు కూడ తగవుల గురుతైనది. సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని అక్కడికి పోవు తల్లులు తెరపై కనబడరు. కక్షలు లేవని మేము అనము. వానివలన పసుపు కుంకుమలు పోగొట్టుకొనిన యిండ్లు కలవు. అయితే ఆ యిండ్లలో హంతకు డెవరన్నది చిక్కు కాదు. పొలము ఎవరు దున్నవలెను, అప్పు ఎట్లు తీరవలెను, పెరిగిన కొడుకు చేతికి కత్తి రాకుండ ఎట్లు చూడవలెను అన్నవే చిక్కులు. వానిని విప్పినవారు స్త్రీలు. వారిని గూర్చి మలుపుల నవల వ్రాసినవారు అరుదు.

అట్లయిన ఈ కథలు చదువరాదా? మావారి తీర్పు అది కాదు, మాదియు కాదు. మంచి అపరాధ పరిశోధక నవల మనకు చూచుటను నేర్పును. తియ్యని మాటలో దాగిన లోటును పట్టుకొనుటను నేర్పును. సంతకము పెట్టుమని ఎవరైన కాగితము చాచినప్పుడు ఆ విద్య అక్కరకు వచ్చును. కాని పుస్తకము మూయుటకు ముందు మూడు ప్రశ్న లడుగుడని కోరుచున్నాము. రాయి మొదటినుండి బియ్యములోనే ఉన్నదా? అందరును తీసివేసిన వారి మాటకు కథలో విలువ కలిగినదా? చచ్చినవారి కొరకు ఒక్క కంట నైనను నీరు వచ్చినదా? ఆక్రాయిడు కథ మొదటి రెంటను నెగ్గినది. మూడవదానిలో ఓడినదని అవ్వ తీర్పు. ఆ తీర్పును ఎవరును కాదనలేకపోయిరి.

చేటలు ఖాళీ అయిన పిమ్మట అందరు లేచిరి. ఉపాధ్యాయినిగారు మాత్రము, మోసము మోసమే యనుచునే, పుస్తకమును ఒక వారము తన కిమ్మని కోడలి నడిగిరి. అవ్వ గోడ నానుకొని, ‘మళ్లీ సదివేటప్పుడు ఆ దొరసాని సంగతి రవ్వంత నిదానంగా సెప్పు తల్లీ’ అనినది.