ఉద్యోగుల శ్రమదానము

తొలకరి పడినది మొదలు మా కేంద్రమునకు వచ్చు వార్తలలో ఒక రకము వార్త తరచుగా కనబడును. ఒక కార్యాలయపు ఉద్యోగులు సెలవుదినమున మొక్కలు నాటిరనియో, ఒక కర్మాగారపు కార్మికులు చెరువుకట్ట శుభ్రపరచిరనియో, ఒక బ్యాంకువారు రక్తదాన శిబిరము జరిపిరనియో అందులోని సారాంశము. వినువారిలో కొందరు సంతోషింతురు. మరికొందరు "ఫొటో తీయించుకొనుటకే గదా!" అని పెదవి విరతురు. ఈ రెండు అభిప్రాయములలోను కొంత నిజము కలదు. ఏది ఎచట నిజమగునో విడదీసి చూచుట మంచిది.

మొదట మాటను విచారింతము. "స్వచ్ఛందము" అనగా తన ఇచ్ఛ ననుసరించి నడచుట. జీతము పుచ్చుకొనకుండ చేసినంత మాత్రమున ఏ పనియు స్వచ్ఛంద సేవ కాజాలదు. జీతము లేని పని మన పల్లెలలో వేరొక పేరుతో చిరకాలము సాగినది. దాని పేరు వెట్టి. వెట్టికి పిలువబడినవాడును కట్టమీద మన్ను పోసెను, శ్రమదానము చేసినవాడును పోసెను. తట్ట ఒక్కటే, మన్ను ఒక్కటే. "నేను రాలేను" అను మాటకు చోటున్నదా లేదా అనునదే భేదము.

ఈ భేదము ఎంత సూక్ష్మమో మన చెరువుల చరిత్ర చెప్పును. పూర్వము మదరాసు రాజధానిలోని జిల్లాలలో, అనగా నేటి కోస్తా, రాయలసీమ ప్రాంతములలో, కుడిమరామత్తు అను ఆచార ముండెడిది. కట్టపై మొలచిన తుప్పలు కొట్టుట, గండిపడు చోట మన్ను వేయుట, కాలువలలోని పూడిక తీయుట మొదలగు చిన్న మరమ్మతులను ఆ చెరువు క్రింది రైతులే కలిసి చేసికొనెడివారు. ఆచారము సడలుట చూచి ప్రభుత్వము 1858లో ఒక నిర్బంధ శ్రమ చట్టము చేసినది. ఆచారము ప్రకారము చేయవలసిన పనికి రానివారినుండి సొమ్ము రాబట్టు అధికారము ఆ చట్టము ఇచ్చినది. ఐనను పాత కట్టుబాటు తిరిగి బలపడలేదు. చెరువు తమదను భావము తగ్గినచోట చట్టము మనుష్యుని కట్టకు తేగలదేమో గాని మనస్సును తేజాలదు.

1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము తన 23వ అధికరణమున వెట్టిచాకిరిని, బలవంతపు పనిని నిషేధించినది. ప్రజాప్రయోజనమునకై తప్పనిసరి సేవ విధించు అధికారమును మాత్రము రాజ్యమునకు మిగిల్చినది; అదియును మతము, జాతి, కులము, తరగతి అను కారణములచే భేదము చూపరాదను షరతుతో. ఆ మినహాయింపు రాజ్యమునకే గాని జీతమిచ్చు యజమానికి ఈయబడలేదని గమనింపవలెను.

ఇక నేటి సంగతి. 2014 అక్టోబరు 2వ తేదీన స్వచ్ఛభారత్ ఉద్యమము ఆరంభమైనపుడు దేశమందలి ప్రభుత్వోద్యోగులు, సెలవుదినమైనను, తమ కార్యాలయములకు వచ్చి ప్రతిజ్ఞ చేసిరి. ఏడాదికి నూరు గంటలు, అనగా వారమునకు రెండు గంటలు, పరిశుభ్రతకై వెచ్చింతుమని ఆ ప్రతిజ్ఞ. అదే సంవత్సరము ఏప్రిల్ 1నుండి 2013 నాటి కంపెనీల చట్టములోని 135వ సెక్షను అమలునకు వచ్చినది. దాని ప్రకారము నిర్ణీతమైన స్థాయికి మించిన కంపెనీలు, గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులకు తగ్గకుండ సంఘహిత కార్యములపై ఖర్చు చేయవలెను. పర్యావరణ రక్షణ ఆ కార్యములలో నొకటి.

ఐతే ఉద్యోగి నాటిన మొక్కకు వెల కట్టి, దానిని కంపెనీ ఆ రెండు వంతులలో చూపవచ్చునా? చూపరాదని కేంద్ర కంపెనీ వ్యవహారముల శాఖ 2021లో స్పష్టపరచినది. ఉద్యోగులు పాల్గొనుట మంచిదే. దానిని మాత్రము డబ్బుగా లెక్కింపరాదు. ఈ వివరణ చిన్నదిగా తోచవచ్చును. కాని దానివలన ఉద్యోగి చెమట ఉద్యోగిదిగానే నిలచినది. కంపెనీ ఇచ్చునది కంపెనీ లెక్క, మనిషి ఇచ్చునది మనిషి లెక్క.

చిక్కంతయు ఒక్కచోట నున్నది. పై అధికారి నోట "వీలైతే రండి" అను మాట క్రింది ఉద్యోగి చెవికి "తప్పక రండి" అని వినబడును. రానివారి పేరు ఎవరైన వ్రాసికొందురేమో, పదోన్నతి వేళ గుర్తుంచుకొందురేమో యని భయము. ఇంటిలో మంచమున పడిన తల్లి యుండవచ్చును. ఆరుదినములు ఎదురుచూచిన పసిబిడ్డ యుండవచ్చును. ఆదివారము ఉద్యోగికి మిగిలిన ఆస్తి. దాని నడుగవచ్చును గాని లాగికొనరాదు.

ఇది కేవలము నీతి విషయమనుకొనరాదు. ఇష్టము లేని దానము పనిని సైతము చెఱచును. రక్తదానమే తార్కాణము. ఒకప్పుడు మన దేశమున రక్తమును అమ్ముకొనువారిపై ఆస్పత్రులు చాలవరకు ఆధారపడెడివి. డబ్బు అవసరమైనవాడు తన జబ్బును దాచును. అందుచేత సుప్రీముకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ననుసరించి 1998 జనవరి 1నుండి వృత్తిగా రక్తము నమ్ముట నిలిపివేయబడినది. డబ్బునకు ఆశపడినవాని వలెనే, పై అధికారికి జంకినవాడును నిజము చెప్పుటకు వెనుకాడును. తనకు వచ్చిన కామెరలను గాని, వాడుచున్న మందులను గాని చెప్పక చేయి చాచును. ఇష్టపడి వచ్చినవాడు అడిగిన ప్రతి ప్రశ్నకు దాపరికము లేక బదులు చెప్పును. "ఈసారి మీరు ఈయరాదు" అన్నచో చిన్నబుచ్చుకొనక వెడలిపోవును. రోగికి క్షేమము అందుననే యున్నది.

మొక్కల విషయమును ఇట్టిదే. 1950లో నాటి కేంద్ర మంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవమును నెలకొల్పిననాటినుండి ఏటేట మొక్కలు నాటుచునే యున్నాము. నాటుట అరగంట పని. బ్రతికించుట మూడు వేసవుల పని. వేసవిలోనే గుంట త్రవ్వి, మట్టిని ఎండనిచ్చి, పశువుల ఎరువు కలిపి యుంచవలెను. నేల బాగుగా తడిసిన పిమ్మట నాటవలెను. నర్సరీనుండి వచ్చిన మొక్క వేళ్లచుట్టు ప్లాస్టిక్ సంచి యుండును. అలవాటు లేని చేతులు ఒక్కొక్కమారు సంచితోనే పాతిపెట్టును. వేళ్లు అందులోనే చుట్టుకొనిపోయి మొక్క గిడసబారును. పిదప పాదు చేయవలెను, మేకల నోటికందకుండ ముళ్లకంప కట్టవలెను, ఎండలు ముదిరినపుడు నీళ్లు పోయవలెను. నూరుగురు ఒక్క ఆదివారమున ఐదువందల మొక్కలు నాటి మరల రాకుండుటకంటె, పదిమంది ఏబది మొక్కలు నాటి వంతులు వేసికొని నీళ్లు పోయుట మేలు. తెలంగాణమున 2015లో హరితహారము ఆరంభమైన తరువాత, 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెనని గ్రామ పంచాయతీలపై బాధ్యత ఉంచినది. నాటినవి ఎన్ని యనికాక, నిలిచినవి ఎన్ని యని అడుగుట సరియైన ప్రశ్న. ఈ ప్రశ్నను మన కార్యాలయములును వేసికొనవలెను.

ఉద్యోగి ఏమి ఈయగలడు అనునది మరియొక ప్రశ్న. పలుగు పార పట్టుటలో ఊరి కూలీకి బల్లముందు కూర్చుండు గుమాస్తా సాటిరాడు. మిషన్ కాకతీయ క్రింద 2015నుండి తెలంగాణపు చెరువులలో పూడిక తీయించినపుడు, రైతులు ఆ మట్టిని తమ ఖర్చుతోనే ట్రాక్టర్లపై పొలములకు తోలుకొనిరి. అది పంటకు బలమని వారెరుగుదురు గనుక ఎవరును పిలువనక్కరలేకపోయినది. అట్టిచోట పట్టణపు ఉద్యోగి అరపూట మన్ను మోయుట ముచ్చటయే గాని గొప్ప సాయము కాదు. ఇంజనీరు తూమును, అలుగును పరీక్షించి చెప్పవచ్చును. లెక్కలు తెలిసినవారు మహిళా సంఘపు పుస్తకములు సరిచూచి, చూచుట నేర్పవచ్చును. బ్యాంకు ఉద్యోగి ముసలివారికి పింఛను కాగితములు విడమరచి చెప్పవచ్చును. ఎవరి వృత్తి వారి చేతిలోని పలుగు. ఐతే ముందుగా ఊరివారిని "మీకేమి కావలెను?" అని అడుగుట మరువరాదు.

కాబట్టి సంస్థలు నడపువారు మూడు నియమములు పాటించిన చాలును. రానివారి పేర్లు వ్రాయవద్దు. సాధ్యమైనంతవరకు పనిగంటలలోనే వ్యవధి ఈయవలెను. రక్తమిచ్చిన దినమునకు కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ప్రత్యేక సెలవు ఈయబడుట ఇందుకు మంచి మేల్బంతి. మూడవది, ఆరంభించిన పనిని ఏడాది తరువాత పోయి చూడవలెను.

మేమును ఉద్యోగులమే. ఈ వార్తలను చదువువారముగా ఇకముందు ఒక్క మాట అదనముగా విచారింతుము: నిరుడు నాటినవి ఎట్లున్నవి? మీ ఇంటినుండి ఎవరైన ఇట్టి పనికి బయలుదేరినచో, మీరును వారిని ఇదే ప్రశ్న అడుగుడు. పచ్చగా నున్నవని సమాధానము వచ్చెనా, ఆనాడు వారు ఆదివారమును వ్యర్థపుచ్చలేదని సంతోషింపవచ్చును.