భాగం - 9 : పాత కారు పవర్ స్టీరింగ్ - ఇంటి దగ్గర లోప నిర్ధారణ

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 ఉపోద్ఘాతం
9.2 పవర్ స్టీరింగ్ పనిచేసే విధానం
9.3 పరీక్షలకు ముందు జాగ్రత్తలు
9.4 పరీక్షల క్రమం
9.5 లక్షణాలు - కారణాలు
9.6 ఒక ఉదాహరణ
9.7 ఇంటి దగ్గర ఆపవలసిన చోటు
9.8 సారాంశం
9.9 మీ ప్రగతిని సరిచూసుకోండి - సమాధానాలు
9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్‌లోని ముఖ్య భాగాలను, వాటి పనిని వివరించగలుగుతారు.
- స్టీరింగ్ లోపాన్ని సులభమైన పరీక్షల ద్వారా, ఒక క్రమంలో వెతకగలుగుతారు.
- లక్షణాన్ని బట్టి కారణాన్ని ఊహించి, ఆ ఊహను సరిచూసుకోగలుగుతారు.
- ఏ దశలో కారును నడపడం మానివేసి మెకానిక్‌ను పిలవాలో నిర్ణయించగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

పదిహేనేళ్లు దాటిన కారు. ఇంటి ముందు నిలపడానికి స్టీరింగ్ తిప్పుతుంటే భుజాలు లాగుతున్నాయి. మలుపు తిరిగినప్పుడల్లా బానెట్ కింద నుంచి మూలుగు వంటి శబ్దం వస్తోంది. గ్యారేజీలో అడిగితే "స్టీరింగ్ ర్యాక్ పోయింది, మార్చాలి" అన్నారు. ఆ మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. ఇవే లక్షణాలు టైర్లలో గాలి తగ్గినా, ఆయిల్ తగ్గినా, బెల్టు వదులైనా కనిపిస్తాయి. ర్యాక్ అన్నింటికన్నా ఖరీదైన భాగం. అందువల్ల దాన్ని మొదట కాక చివర అనుమానించాలి.

ఖర్చు ఒక్కటే సమస్య కాదు. అసలు లోపం కనుక్కోకుండా భాగాలు మార్చితే ఆ లోపం అలాగే మిగిలిపోతుంది. ఆయిల్ కారే గొట్టాన్ని వదిలి పంపు మార్చితే, కొత్త పంపు కూడా ఆయిల్ చాలక అరిగిపోతుంది. అందుకే ఈ భాగంలో "ఏది మార్చాలి?" అనే ప్రశ్నకు ముందు "ఎలా తెలుసుకోవాలి?" అనే ప్రశ్నను తీసుకుందాం.

9.2 పవర్ స్టీరింగ్ పనిచేసే విధానం

అమెరికాలో ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1920లలోనే హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్‌ను రూపొందించాడు. అయితే అది అమ్మకానికి తయారైన కారులో మొదటిసారి వచ్చింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. మన రోడ్లపై తిరిగిన మారుతి ఎస్టీమ్, హ్యుందాయ్ ఆక్సెంట్, టాటా ఇండికా వంటి కార్లలో పవర్ స్టీరింగ్ ఉన్న రకాలు ఈ హైడ్రాలిక్ పద్ధతినే వాడాయి.

ఇందులో అయిదు భాగాలు ముఖ్యమైనవి.

అ) ఆయిల్ డబ్బా: బానెట్ కింద ఉండే చిన్న ప్లాస్టిక్ పాత్ర. దీనిపై కనిష్ఠ, గరిష్ఠ గీతలు ఉంటాయి.
ఆ) పంపు: ఇంజను బెల్టుతో తిరుగుతుంది. ఆయిల్‌కు పీడనం ఇస్తుంది.
ఇ) గొట్టాలు: ఒకటి ఎక్కువ పీడనంతో ఆయిల్‌ను ర్యాక్‌కు చేరుస్తుంది. రెండవది తక్కువ పీడనంతో డబ్బాకు తిరిగి తెస్తుంది.
ఈ) వాల్వు: స్టీరింగ్ కడ్డీ అడుగున ఉంటుంది. మీరు చక్రాన్ని తిప్పినప్పుడు దీనిలోని సన్నని ఉక్కు కడ్డీ కొద్దిగా మెలితిరిగి, ఆయిల్‌కు కుడి దారినో ఎడమ దారినో తెరుస్తుంది.
ఉ) ర్యాక్: దీనిలోని పిస్టన్‌ను ఆయిల్ ఒక పక్కకు నెడుతుంది. ఆ నెట్టుడు మీ చేతి బలానికి తోడవుతుంది.

ఈ సహాయం ఎంత ఉంటుందో ఒక లెక్కతో చూద్దాం. ఆయిల్ పీడనం చదరపు సెంటీమీటరుకు 500 న్యూటన్లు, పిస్టన్ వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు పిస్టన్‌పై బలం 500 × 6 = 3,000 న్యూటన్లు. ఇది సుమారు 300 కిలోల బరువుకు సమానం. ఈ బలం తగ్గినప్పుడు ఆ భారం మీ భుజాల మీద పడుతుంది.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇంజను ఆగిపోయినా, ఆయిల్ అంతా కారిపోయినా, స్టీరింగ్ చక్రానికి, ముందు చక్రాలకు మధ్య ఉన్న యాంత్రిక బంధం తెగిపోదు. కారు తిరుగుతుంది, కాని చాలా బరువుగా తిరుగుతుంది. కాబట్టి నడుస్తుండగా సహాయం పోతే కంగారు పడకుండా, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, వేగం తగ్గించి, పక్కకు ఆపాలి. కారు పూర్తిగా ఆగేదాకా తాళం చెవి తీయరాదు. తీస్తే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది.

బానెట్ కింద ఆయిల్ డబ్బా, పంపు రెండూ లేకపోతే మీ కారులో ఉన్నది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కావచ్చు. దాన్ని యజమాని పుస్తకంలో చూసి నిర్ధారించుకోండి. అందులో ఆయిల్‌కు బదులు విద్యుత్ మోటారు సహాయం చేస్తుంది. దానికి టైర్ల పరీక్ష, చక్రాలు లేపి చేసే పరీక్ష, ఖాళీ కదలిక పరీక్ష వర్తిస్తాయి. ఆయిల్, బెల్టు పరీక్షలకు బదులు బ్యాటరీని, ఫ్యూజును చూడాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వద్ద సుమారు 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
గమనిక: మీ సమాధానాలను భాగం చివర ఇచ్చిన వాటితో పోల్చి చూసుకోండి.
1. హైడ్రాలిక్ పంపును ఏది తిప్పుతుంది?
2. నడుస్తున్న కారు ఇంజను ఆగిపోతే స్టీరింగ్ పూర్తిగా పనిచేయదా?

9.3 పరీక్షలకు ముందు జాగ్రత్తలు

1. కారును చదునైన గట్టి నేలపై నిలపండి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా ఇటుకలో చెక్కదిమ్మలో పెట్టండి.
2. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కిందికి ఎట్టి పరిస్థితిలోనూ వెళ్లవద్దు. చక్రాలు లేపి పరీక్షించేటప్పుడు స్టాండ్లు తప్పనిసరి.
3. బెల్టును తాకే ముందు ఇంజను ఆపి, తాళం చెవి తీసి జేబులో పెట్టుకోండి.
4. ఇంజను నడుస్తుండగా కారుతున్న గొట్టాన్ని చేతితో తడిమి చూడవద్దు. పీడనంతో చిమ్మే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. అట్ట ముక్క అడ్డు పెట్టి చూడాలి.
5. స్టీరింగ్‌ను చివరి వరకు తిప్పి అయిదు సెకన్లకు మించి అక్కడే పట్టుకోవద్దు. ఆ స్థితిలో పీడనం గరిష్ఠానికి చేరి ఆయిల్, పంపు వేడెక్కుతాయి.

9.4 పరీక్షల క్రమం

కింది పరీక్షలను ఇచ్చిన వరసలోనే చేయండి. ఒక్కొక్క పరీక్ష ఫలితాన్ని నోటు పుస్తకంలో రాసుకోండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

పరీక్ష 1 - టైర్లు: కారు నడపకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి చీటీలో లేదా యజమాని పుస్తకంలో ఉంటుంది. గాలి తగ్గిన టైరు నేలకు ఎక్కువగా అంటుకుని స్టీరింగ్‌ను బరువు చేస్తుంది. కంపెనీ ఇచ్చిన టైర్లకన్నా వెడల్పైనవి వేయించినా అంతే.

పరీక్ష 2 - ఆయిల్: డబ్బాలో ఆయిల్ మట్టం చూడండి. "వేడి", "చల్లని" అని రెండు గీతలుంటే తగిన దానితో పోల్చండి. ఈ ఆయిల్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. రంగు నల్లబడి మాడు వాసన వస్తే ఆయిల్ పాతబడింది. నురగ కనిపిస్తే గాలి చేరింది. పోసేటప్పుడు మూతపై లేదా పుస్తకంలో రాసిన రకాన్నే పోయాలి. బ్రేకు ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి.

పరీక్ష 3 - కారడం: అనుమానం ఉన్న చోట్లను గుడ్డతో తుడిచి, రాత్రి కారు కింద పాత అట్ట పరచండి. తెల్లవారి మరక ఎక్కడ పడిందో చూడండి. పంపు కింద పడితే పంపు సీలు లేదా గొట్టం అతుకు. ర్యాక్ రెండు చివరలా మడతలు మడతలుగా ఉండే రబ్బరు తొడుగులను కూడా, చక్రాన్ని పక్కకు తిప్పి బయటి నుంచే చేతికి అందితే, మెల్లగా నొక్కి చూడండి. లోపల ఆయిల్ చేరి ఉంటే ర్యాక్ సీలు పోయిందని బలమైన సాక్ష్యం.

పరీక్ష 4 - బెల్టు: పగుళ్లు, మెరుపు, ఆయిల్ తడి ఉన్నాయేమో చూడండి. బిగుతు చేతితో సర్దే రకమైతే రెండు కప్పీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కండి. చాలా పాత కార్లలో సుమారు 10 మి.మీ. దిగాలి. కచ్చితమైన కొలత మీ కారు పుస్తకంలో ఉంటుంది.

పరీక్ష 5 - ఇంజను ఆపి, నడిపి పోల్చడం: ఇంజను ఆపి స్టీరింగ్‌ను కొద్దిగా తిప్పి బరువు గమనించండి. ఇంజను స్టార్టు చేసి మళ్లీ తిప్పండి. తేడా స్పష్టంగా తెలియాలి. ఏ తేడా లేకపోతే పంపు నుంచి సహాయం అందడం లేదు. నిదానంగా నడుస్తున్నప్పుడు బరువుగా ఉండి, ఆక్సిలరేటరు కొద్దిగా తొక్కగానే తేలికైతే బెల్టు జారుతోంది లేదా పంపు అరిగింది.

పరీక్ష 6 - చక్రాలు లేపి తిప్పడం: ముందు చక్రాలు రెండింటినీ లేపి, స్టాండ్లపై నిలిపి, ఇంజను ఆపి, డబ్బా మూత బిగించి, స్టీరింగ్‌ను ఒక చివర నుంచి మరొక చివరకు మెల్లగా తిప్పండి. అంతటా ఒకేలా సాఫీగా తిరిగితే కీళ్లలో పట్టేయడం లేదు, అనుమానం ఆయిల్ వైపుకే పోతుంది. మధ్యలో పట్టేసినట్టు అయితే స్టీరింగ్ కడ్డీ కీలు, బాల్ జాయింటు, షాక్ అబ్జార్బరు పైనుండే బేరింగు, లేదా ర్యాక్ పళ్లు బిగుసుకున్నాయి.

పరీక్ష 7 - ఖాళీ కదలిక: చక్రాలు నేలపై నేరుగా ఉంచి, ఇంజను నడుస్తుండగా స్టీరింగ్‌ను వేళ్లతో అటూ ఇటూ కదపండి. టైరు కదలకముందు స్టీరింగ్ అంచు ఎంత దూరం కదిలిందో కొలవండి. చాలా కార్ల పుస్తకాలు సుమారు 30 మి.మీ. హద్దుగా పెడతాయి. అంతకు మించితే అది బరువుకు సంబంధించిన లోపం కాదు, భద్రతకు సంబంధించిన లోపం.

9.5 లక్షణాలు - కారణాలు

పట్టిక 9.1

| లక్షణం | ముందుగా అనుమానించవలసినది |
|---|---|
| రెండు వైపులా బరువు | టైర్ల గాలి, ఆయిల్ మట్టం, బెల్టు, తరవాత పంపు |
| ఒక వైపు మాత్రమే బరువు | వాల్వు లేదా ర్యాక్ సీళ్లు |
| ఉదయం స్టార్టు చేయగానే, లేదా చివరి వరకు తిప్పినప్పుడు కీచుమనడం | బెల్టు జారడం |
| తిప్పినప్పుడల్లా మూలుగు | ఆయిల్ తగ్గడం, గాలి చేరడం, పంపు అరగడం |
| చివరి వరకు తిప్పినప్పుడు సన్నని బుసబుస | సాధారణంగా లోపం కాదు |
| మలుపు తరవాత చక్రం తనంతట తాను తిరిగి రాకపోవడం | కీళ్లు బిగుసుకోవడం, చక్రాల అమరిక |
| కారు ఒక పక్కకు లాగడం | టైర్లు, చక్రాల అమరిక, బ్రేకు పట్టేయడం |

9.6 ఒక ఉదాహరణ

ఉపోద్ఘాతంలోని కారునే తీసుకుందాం. ఫిర్యాదు: రెండు వైపులా బరువు, మూలుగు. యజమాని పై క్రమంలో పరీక్షించాడనుకుందాం.

ముందు టైర్లలో 30 పి.ఎస్.ఐ. ఉండవలసిన చోట 22 మాత్రమే ఉంది. గాలి కొట్టించగా బరువు కొంత తగ్గింది, మూలుగు తగ్గలేదు. అంటే టైర్లు ఒక కారణమే, మొత్తం కారణం కాదు. ఆయిల్ కనిష్ఠ గీత కంటే కిందికి ఉంది, నురగ కూడా ఉంది. సరైన ఆయిల్ పోసి, కారును పరీక్ష 6లో వలె స్టాండ్లపై నిలిపి, ఇంజను ఆపి స్టీరింగ్‌ను అటూ ఇటూ పదిహేను సార్లు తిప్పి, మధ్యలో మట్టం సరిచేస్తూ గాలిని బయటకు పంపాడు. మూలుగు ఆగింది. ఇక్కడితో పని అయిపోయిందనుకుంటే పొరపాటే. నాలుగు రోజుల తరవాత చూస్తే మట్టం మళ్లీ తగ్గింది. అట్ట పరచగా మరక డబ్బా కింద, తిరుగు గొట్టం దగ్గర పడింది. గొట్టం చివర గట్టిపడి పగిలింది, క్లిప్పు వదులైంది. ర్యాక్ తొడుగులు పొడిగా ఉన్నాయి.

కావలసింది ఒక గొట్టం, ఒక క్లిప్పు, కొంత ఆయిల్. ర్యాక్ మార్చి ఉంటే ఏమయ్యేది? కొత్త ఆయిల్ పోస్తారు కాబట్టి మొదటి వారం అంతా బాగుండేది. తరవాత అదే గొట్టం నుంచి ఆయిల్ కారి, అదే మూలుగు తిరిగి వచ్చేది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
3. డబ్బాలో ఆయిల్ మట్టం తగ్గడం దేనికి సూచన?
4. ఎడమకు తేలికగా, కుడికి బరువుగా తిరిగితే బెల్టును మొదట అనుమానించాలా?

9.7 ఇంటి దగ్గర ఆపవలసిన చోటు

కింది వాటిలో ఏది కనిపించినా కారు నడపడం మానివేసి మెకానిక్‌ను ఇంటికి పిలవండి, లేదా కారును లాగించుకుని తీసుకువెళ్లండి: ఖాళీ కదలిక హద్దు దాటడం, స్టీరింగ్ మధ్యలో పట్టేయడం, టై రాడ్ చివర కదులుతూ టకటకమనడం, ఎక్కువ పీడనం గొట్టం నుంచి ఆయిల్ చిమ్మడం. బరువైన స్టీరింగ్ కష్టపెడుతుంది. వదులైన స్టీరింగ్ ప్రాణం తీయవచ్చు. పంపు పీడనాన్ని మీటరుతో కొలవడం, ర్యాక్ విప్పడం కూడా ఇంటి పనులు కావు.

అయితే గ్యారేజీకి వెళ్లేటప్పుడు మీ నోటు పుస్తకం తీసుకువెళ్లండి. "స్టీరింగ్ బాగాలేదు" అనడానికి బదులు "గాలి సరిగా ఉంది, బెల్టు బిగుతుగా ఉంది, నాలుగు రోజుల్లో ఆయిల్ ఇంత తగ్గింది, మరక ఇక్కడ పడింది" అని చెప్పగలిగితే మెకానిక్ పని సులువవుతుంది. అనవసరమైన భాగం మార్చే అవకాశం తగ్గుతుంది.

9.8 సారాంశం

హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్‌లో ఇంజను బెల్టు పంపును తిప్పుతుంది, పంపు ఆయిల్‌కు పీడనం ఇస్తుంది, వాల్వు దారి చూపుతుంది, ర్యాక్‌లోని పిస్టన్ బలాన్ని చేరుస్తుంది. ఈ వరసలో ఎక్కడ తెగినా లక్షణం ఒకేలా, బరువుగా కనిపించవచ్చు. అందువల్ల ఖర్చు లేని పరీక్ష నుంచి ఖర్చయ్యే పరీక్షకు, బయటి భాగం నుంచి లోపలి భాగానికి వెళ్లాలి. ఆయిల్ పోయడం తాత్కాలిక ఉపశమనం. కారే చోటు కనుక్కోవడమే నిర్ధారణ.

9.9 మీ ప్రగతిని సరిచూసుకోండి - సమాధానాలు

1. ఇంజనుకు తగిలించిన బెల్టు.
2. పనిచేస్తుంది. యాంత్రిక బంధం ఉంటుంది కాబట్టి కారు తిరుగుతుంది, కాని బరువుగా తిరుగుతుంది.
3. వ్యవస్థలో ఎక్కడో ఆయిల్ కారుతోందనడానికి.
4. అక్కరలేదు. బెల్టు జారితే రెండు వైపులా బరువుండాలి. ఒక వైపే బరువుంటే వాల్వును, ర్యాక్ సీళ్లను అనుమానించాలి.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ పనిచేసే విధానాన్ని వివరించండి.
2. స్టీరింగ్ బరువుగా తిరుగుతున్న కారును ఇంటి దగ్గర ఏ క్రమంలో పరీక్షిస్తారు? ఆ క్రమాన్నే ఎందుకు పాటించాలి?

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చక్రాలు లేపి చేసే పరీక్ష వల్ల ఏమి తెలుస్తుంది?
2. "బరువైన స్టీరింగ్ కన్నా వదులైన స్టీరింగ్ ప్రమాదకరం." చర్చించండి.