శిశుతరగతి తలుపు

అపాయగంట మ్రోగినతోడనే పిల్లలు పుస్తకములను విడిచి, బారులు తీరి, మైదానమునకు నడువవలెనని ప్రతి బడియందును నేర్పుచున్నాము. అది మంచి యభ్యాసము. గదిలో నిప్పు పుట్టినపుడు ప్రాణములు కాచునది యదియే. కాని యపాయము గదిలో గాక యావరణములో నున్నప్పుడు పిల్లలను బయటికి పంపుట వారిని దాని నోటి కందించుటయే యగును. అట్టివేళ లోపలనే యుండి, తలుపు మూసికొని, నిశ్శబ్దముగా కూర్చుండుట వేఱొక యభ్యాసము. పాశ్చాత్యదేశముల పాఠశాలలలో దీనిని లాక్‌డౌను అందురు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి కాలములో మన మెఱిగిన లాక్‌డౌను వేఱు. ఇది కొన్ని నిమిషములో కొన్ని గంటలో సాగెడి తలుపుమూత. పసివారిని కాచెడి శిశుతరగతులకును, అంగన్‌వాడీలకును ఇది యెట్లు వర్తించునో చదువరులకు విన్నవింపగోరుచున్నాను.

నేను ఉపాధ్యాయ శిక్షణ ముగించి వేఱొక యూరి బడిలో శిశుతరగతికి నియమింపబడిన దినములలో జరిగిన సంగతి యిది. ఒక మధ్యాహ్నము పిచ్చికుక్క యొకటి ఆవరణములో జొచ్చెను. బంట్రోతు భయపడి గంట కొట్టెను. మేము నేర్పినట్లే పిల్లలందఱును వరండాలోనికి వచ్చిరి. "లోపలికి, లోపలికి" అని నేను కేకలు వేసి నా పిల్లలను గదిలోనికి లాగికొంటిని. తలుపు మూసి చూతును గదా, లోపల గడియ లేదు. ఉన్న గొళ్ళెము బయటిది! కుక్క పోవువఱకు తలుపునకు వీపు నానించి నిలువబడితిని. ఆ సమయముననే రెండవ తరగతి బాలుడొకడు దగ్గఱనున్న రెండు గదులను దాటి, వరండా చివరనున్న తన గదికై పరుగిడుచు పిక్కపై కాటు తినెను. గాయమును సబ్బుతోను ధారనీటితోను పావుగంటసేపు కడిగి, వెంటనే వైద్యశాలకు గొనిపోయి టీకాలు వేయించితిమి. దేవుని కృపవలన బాలుడు బ్రతికెను. అయినను ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు కుక్కది కాదు, మాది. ఒకటే గంట నేర్పితిమి. గడియ లేని తలుపు నుంచితిమి. ఎవని గది వానిదే యని పిల్లలకు బోధించితిమి. ఈ మూడు లోపములను గూర్చియే యీ వ్యాసము.

మొదటిది గంట. "వెలుపలికి", "లోపలికి" అను రెండాజ్ఞలకును రెండు వేర్వేఱు గుర్తు లుండవలెను. గంట వెలుపలికి పిలుచునదైనచో, లోపలికి పిలుచుటకు ఈలయో, స్పష్టముగా నుచ్చరించిన యొక తెలుగు మాటయో యుండవలెను. గూఢసంకేతములు పనికిరావు, నిన్న చేరిన ఆయాకును, వంటమనిషికిని తెలియని సంకేతము సంకేతమే కాదు. ఆజ్ఞ నిచ్చుటకు ప్రధానోపాధ్యాయుల యనుమతికై వేచియుండరాదు. అపాయమును ముందు చూచినవారే యాజ్ఞ యిచ్చి, పిమ్మట 112 సంఖ్యకు ఫోను చేయవలెను.

రెండవది తలుపు. దీనిని గూర్చి లోకము రెండు ఘోరసంఘటనలవలన రెండు పాఠములు నేర్చినది. 2004వ సంవత్సరము జూలై 16వ తేదీని తమిళనాడులోని కుంభకోణములో నొక పాఠశాల వంటయింట నిప్పు పుట్టి ఆకుల కప్పునకు ప్రాకెను. ఇఱుకైన మెట్లగుండ బయటపడలేక 94 మంది పిల్లలు మరణించిరి. దారి లేని బడి యెంత క్రూరమైనదో ఆ దినమున దేశమంతయు చూచెను. 2009వ సంవత్సరమున సుప్రీముకోర్టువారు, విద్యాహక్కులో క్షేమమైన బడికి హక్కును ఇమిడియున్నదని చెప్పి, అగ్నిరక్షణ నియమములను పాఠశాలలకు విధించిరి.

రెండవ సంఘటన అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రములోనిది. 2012వ సంవత్సరము డిసెంబరు 14వ తేదీని న్యూటౌను అను నూరిలోని శాండీ హుక్ పాఠశాలలో తుపాకి ధరించినవాడొకడు చొచ్చి, ఆరేడేండ్ల పిల్లల నిరువదిమందిని, పెద్దల నార్గురను చంపెను. అచ్చటి తరగతి తలుపులకు తాళము వేయవలెనన్న, ఉపాధ్యాయులు తాళపుచెవి గొని నడవలోనికి వచ్చి బయటివైపున వేయవలసి యుండెను. తరువాత విచారణ జరిపిన సంఘమువారు, ప్రతి తరగతి తలుపును లోపలినుండియే మూయదగినదిగా నుండవలెనని 2015వ సంవత్సరమున సిఫారసు చేసిరి. నా శిశుతరగతికిని ఆ దూరదేశపు తరగతికిని లోపించినది ఒక్కటియే: లోపలి గడియ.

ఈ రెండు పాఠములు ఒకదానికొకటి విరుద్ధములుగా తోచును. ఒకటి "తెఱువు" మనును, మఱియొకటి "మూయు" మనును. కాని మంచి తలుపు రెంటికిని లోబడును. అది లోపలినుండి తాళపుచెవి యక్కఱలేకయే మూతపడవలెను. లోపలినుండి ఒక్క చేతి కదలికతో తెఱచుకొనవలెను. గడియ పసివారి చేతి కందనంత యెత్తున, పెద్దవారు చీకటిలోనైనను తడవి పట్టగలిగినట్లుండవలెను. బయటి గొళ్ళెమునకు పగటివేళ తాళము తగిలించి యుంచరాదు. ఎవడైన కొంటెతనమునకు దానిని వేసినచో లోపలివారు బందీలగుదురు. ప్రధానోపాధ్యాయుల యొద్ద బయటినుండి తెఱచు సాధన మొకటి యుండవలెను. చెడిన గడియను ఆనాడే బాగుచేయింపవలెను. 2022వ సంవత్సరము మే 24వ తేదీని టెక్సాసులోని ఉవాల్డీ పాఠశాలలో 19 మంది పిల్లలును ఇద్దఱు ఉపాధ్యాయినులును హతులైరి. అచ్చటి యొక గది తాళము సరిగా పడదని ముందే పలువు రెఱిగియు బాగుచేయింపలేదని విచారణలో బయటపడెను.

మూడవది పిల్లలు. "ఆజ్ఞ వినబడినప్పుడు ఏ గది దగ్గఱనున్న ఆ గదిలోనికే పొమ్ము, ఆ గదిలోని పెద్దవారే యప్పుడు నీ పెద్దవారు" అని ప్రతి బిడ్డకును నేర్పవలెను. దొడ్డికి పోయిన బిడ్డను, నీళ్ళకు పోయిన బిడ్డను ఈ యొక్క మాటయే కాచును. తలుపు మూయకముందు ఉపాధ్యాయిని వరండా నొకసారి చూచి, కనబడిన బిడ్డను తనవాడు కాకపోయినను లోనికి తీసికొనవలెను. తరువాత హాజరుపట్టీ తీసి తల లెక్కింపవలెను. ఎవరు తక్కువ, ఎవ రెక్కువ అను లెక్కను ప్రధానోపాధ్యాయులకు ఫోనులో సందేశముగా పంపవలెను. ఫోను మ్రోగకుండ చేయవలెను.

కిటికీనుండి కనబడని మూల నొకదానిని ముందే యేర్పఱచి, అచ్చట చాప పఱచి కూర్చుండుట అలవాటు చేయవలెను. ఆ మూల నొక పెట్టెలో మంచినీరు, బిస్కట్లు, గుడ్డలు, కట్టు సామాను నుండవలెను. ప్రక్కనే మూత గల బకెట్టొకటి యుంచవలెను. గంటసేపు మూసిన గదిలో పసివాడు దాహమునకును మూత్రమునకును ఏడ్చును. ఆ యేడుపు మాన్పుట యెట్లో ముందు తలపోయనిచో మిగిలిన యేర్పాటంతయు వ్యర్థము. నడువలేని శిశువుల నెవరు ఎత్తుకొనవలెనో, నిద్రించువారి నెవరు చూడవలెనో పేరుపేరున నిర్ణయింపవలెను. 2022వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీని థాయిలాండులోని యొక శిశుసంరక్షణశాలపై ఘాతుకుడు వచ్చి పడినది పిల్లల మధ్యాహ్ననిద్రా సమయముననే.

అభ్యాసమును భయపెట్టి చేయరాదు. తుపాకి మాటగాని, దొంగ మాటగాని పసివారికి చెప్పనక్కఱలేదు. పిల్లి వచ్చినపుడు ఎలుకపిల్లలు కలుగులో చప్పుడు చేయక కూర్చుండునను ఆటగా నేర్పినచో వారు నవ్వుచు నేర్చుకొందురు. నాల్గేండ్ల బిడ్డకు కారణ మక్కఱలేదు. తన టీచరు ముఖము ప్రశాంతముగా నుండుట చాలును. ఆ ప్రశాంతత యభ్యాసమువలననే వచ్చును గాని ఆ ఘడియలో పుట్టదు.

తలిదండ్రులకును ఒక మనవి. ఇట్టి వార్త విని మీరు బడికి పరుగెత్తివచ్చి తలుపులు బాదినచో, లోపలివారికి మీరెవరో తెలియదు. తలుపు తెఱువనందులకు కోపింపకుడు. తెఱువకుండుటయే మేము మీకు చేసిన వాగ్దానము. బిడ్డల నెచ్చట, ఎవరి చేతుల కప్పగింతుమో సంవత్సరారంభముననే వ్రాసి యిచ్చుట మా విధి.

మందిరమునకు గోపురము కట్టుటకు చందాలిచ్చువారు పెక్కురు కలరు; శిశుతరగతికి గడియ పెట్టించువా రరుదు. నోవహు ఓడను గూర్చి మన పిల్లలకు చెప్పునపుడు జంతువుల జతలను వర్ణింతుము గాని, ఆ ఓడకు తలుపొకటి యుండెననియు, అది సమయమునకు మూయబడెననియు చెప్పుట మఱతుము. ఈ పత్రికను మడిచి పెట్టిన పిదప, ఉపాధ్యాయ సోదరీసోదరులారా, మీ గది తలుపు నొకసారి లోపలినుండి మూసి చూడుడు.