చేను చుట్టూ మన చీరలే!

పోయిన సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళినప్పుడు పొద్దున్నే చేను దగ్గరికి పోయాను. మంచు ఇంకా విడవలేదు. జొన్నచేను చుట్టూ ఎర్రవీ పచ్చవీ రెపరెపలాడుతుంటే ఏ దేవుడి జెండాలో అనుకున్నా. దగ్గరికి పోతే అన్నీ చీరలు! అందులో నేను కట్టి వదిలేసిన ఆకుపచ్చ నైలెక్స్ చీర కూడా ఉంది. "ఏం వదినా, నా చీరను కంచెకేసినావే!" అంటే, "నువ్వు పిల్లోళ్ళను అదిలించినట్టే నీ చీర పందుల్ని అదిలిస్తాంది" అని నవ్వింది మా వదిన.

మా అనంతపురంలో ఏడాదికి పడే వానే దాదాపు 550 మిల్లీమీటర్లు. అది కూడా వేళకు పడదు. ఆ కాస్త తేమతో వచ్చిన పంటను పిట్టలూ పందులూ జింకలూ పంచుకుంటే రైతుకు మిగిలేదేమిటి చెప్పండి? చెనిక్కాయ విత్తిన రోజు నుంచే మొదలు. కాకులూ గువ్వలూ విత్తనం పెకలించి తింటాయి. కంకి పాలు పోసుకునే వేళకు చిలకలు దిగుతాయి. అవి తినేది కొంచెం, కొరికి కింద పడేసేది బోలెడు.

1990 ప్రాంతంలో, నా చిన్నప్పుడు, చలికాలంలో జొన్నకు కాపలా అంటే ఆడపిల్లల పనే. పిట్టల దాడి తెల్లవారుజామునా, పొద్దు వాలేటప్పుడూ ఎక్కువ. అందుకని చీకటితోనే అవ్వ నన్ను లేపి మంచె ఎక్కించేది. చేతిలో ఒడిసెల, ఒడి నిండా రాళ్ళు, తలకు అవ్వ పాతచీర ముక్క. మంచులో పిట్ట కనిపించేది కాదు, రెక్కల చప్పుడు విని రాయి విసరాలి. "హో... హో..." అని అరిచి అరిచి గొంతు పోయేది. ఏటా నెలరోజులు బడి కూడా పోయేది. మా అన్నకు మాత్రం పోయేది కాదు! ఇంటర్ ఎలా గట్టెక్కానో నాకే తెలుసు.

ఊళ్ళో కొందరు గువ్వల్నీ కౌజుల్నీ ఉచ్చులేసి పట్టేవాళ్ళు, నాటు తుపాకీతో కొట్టేవాళ్ళు. కూర వండి పక్కింటికీ పంపేవాళ్ళు. నేనూ తిన్నాను, అబద్ధమెందుకు? 1972లోనే వన్యప్రాణుల చట్టం వచ్చిందని మాకెవరు చెప్పారు గనక! ఇంగ్లండులో అయితే మంచు గడ్డకట్టి మేత దొరకనప్పుడు అడవి పావురాలు గుంపులుగా క్యాబేజీ, ఆవ చేలమీద పడతాయట. అక్కడి చట్టం షరతులు పెట్టి కాల్చనిస్తుంది, వాళ్ళు వాటిని వండుకుంటారు కూడా. ఇక్కడ అలా కుదరదు. నెమలి 1963 నుంచి జాతీయ పక్షి. 2018లో మన రాష్ట్రం రామచిలుకను రాష్ట్ర పక్షిగా, కృష్ణజింకను రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. ఉరవకొండ, విడపనకల్లు వైపు చేలల్లో మేసే జింకలు ఇవే. చేను మేసేవాళ్ళకే బిరుదులన్నమాట!

అలాగని కోపంతో కరెంటు తీగ లాగకండి, మగవాళ్ళను లాగనివ్వకండి. మా పక్క ఊళ్ళో పందులకని ఒకాయన తీగ లాగితే, రాత్రి నీళ్ళు కట్టడానికి పోయిన పక్కచేని మనిషి పోయాడు. తీగ పెట్టినవాడు జైలుకు పోయాడు, చనిపోయినవాడి భార్య కూలికి పోతోంది. ఇద్దరూ ఒకే వీధివాళ్ళు.

మరి మా వదిన ఏం చేస్తోందంటారా? కంచెకు నైలెక్స్, పాలిస్టర్ చీరలే కడుతుంది. నూలు చీర ఎండకు పీలికలవుతుంది. పంది ముట్టెతో కిందనుంచి దూరుతుంది కాబట్టి అంచును నేలకు ఆనించి రాళ్ళు పెడుతుంది. ఒకేచోట ఉంచితే అలవాటు పడిపోతాయని అప్పుడప్పుడూ రంగులు మారుస్తుంది. పిట్టలకైతే చీర చాలదు. ఒకవైపు ఎరుపు, ఒకవైపు వెండి రంగు ఉండే మెరుపు రిబ్బన్లను మెలితిప్పి, కంకులకు కాస్త ఎత్తున కర్రలకు కట్టింది. ఎండకు తళతళమంటాయి, గాలికి గుంయ్‌మంటాయి. మబ్బు పట్టి గాలి లేని రోజు మాత్రం డబ్బా వాయించాల్సిందే. బోరు కింద వేసిన మొక్కజొన్నకు గట్టు పక్క వరసల్లోని కంకుల్ని వాటి ఆకులతోనే చుట్టేస్తుంది. పొత్తు కనపడకపోతే చిలక వాలదు.

పిట్టలన్నీ శత్రువులేం కావు. శనగలో పచ్చపురుగు పడినప్పుడు మా అన్న చేన్లో అక్కడక్కడా కొయ్యలు పాతి పైన అడ్డకర్ర కడతాడు. గోరువంకలు వాటిమీద కూర్చుని పురుగుల్ని ఏరుకు తింటాయి. జొన్నచేన్లో మాత్రం అలాంటి కొయ్య పొరపాటున కూడా పెట్టరు!

ఇప్పుడు మా మేనకోడలు తొమ్మిదో తరగతి. ఈసారి మంచె ఎక్కలేదు, ఒక్కరోజు కూడా బడి మానలేదు. అది విన్నాక ఊరికి తిరిగొచ్చి బీరువా సర్దాను. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆయన వీధిలో కేకేస్తే ఈసారి తలుపు తీయలేదు. పదకొండు చీరలు మూటకట్టి బస్సులో వదినకు పంపాను.