గోదాంలో ఆఫీసు: ముందు చప్పుడు సంగతి

పాత గోదాంను ఆఫీసుగా మార్చాలనుకునేవాళ్లకు ఎత్తైన కప్పు, స్తంభాలు అడ్డురాని నేల వెంటనే నచ్చేస్తాయి. డిజైనర్లు, వీడియో ఎడిటర్లు, రచయితలు ఒకేచోట కూర్చోవచ్చు, పనిని బట్టి బల్లలు ఎటైనా జరుపుకోవచ్చు. తీరా పదిమంది చేరి మాట్లాడడం మొదలుపెట్టాక ఎవరి మాటా స్పష్టంగా వినిపించదు.

కారణం ప్రతినాదం. సిమెంటు నేల, ఇటుక గోడ, ఇనుప రేకు తమను తాకిన ధ్వనిలో కొద్దిగా మాత్రమే పీల్చుకుని మిగతాదంతా తిప్పికొడతాయి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం, మాటలు వినపడని ఒక ఉపన్యాస మందిరాన్ని చక్కదిద్దే పని వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించింది. ఆయన రాత్రిళ్లు ఆర్గన్ గొట్టం మోగిస్తూ, శాండర్స్ థియేటర్ సీట్ల మెత్తలు తెచ్చి పరుస్తూ, ధ్వని అణగడానికి ఎంతసేపు (ప్రతినాద కాలం) పడుతుందో కొలిచారు. గది ఘనపరిమాణం పెరిగితే ప్రతినాద కాలం పెరుగుతుంది, శోషణ పెరిగితే తగ్గుతుంది. ఘనపరిమాణాన్ని శోషణతో భాగించి 0.161తో గుణిస్తే ఆ కాలం సెకన్లలో వస్తుంది.

30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల ఎత్తున్న గోదాంను తీసుకుందాం. ఘనపరిమాణం 4,800 ఘనపు మీటర్లు. నేల, కప్పు, గోడలు కలిపి 2,000 చదరపు మీటర్లు. అవి సగటున 5 శాతం ధ్వనిని పీల్చుకుంటే శోషణ 100 చదరపు మీటర్లకు సమానం, ప్రతినాద కాలం 7.7 సెకన్లు! దాన్ని ఒక సెకనుకు దించాలంటే శోషణ 770 దాకా కావాలి. కప్పు మొత్తం 600 చదరపు మీటర్లే కనుక అక్కడ మెత్తని పలకలు పరిచినా చాలదు. అందుకే పలకలను నిలువుగా వేలాడదీస్తారు, రెండు వైపులా ధ్వనిని పీల్చుకుంటాయి.

చప్పుడు తప్పించుకోవడానికి వరసగా అద్దాల గదులు కట్టేయడం తొందరపాటని నా అభిప్రాయం. అద్దమూ ధ్వనిని తిప్పికొట్టేదే, పైగా కట్టిన గది జరగదు. నెదర్లాండ్స్‌లోని టిల్బర్గ్‌లో 1932 నాటి రైలింజన్ల షెడ్డును 2019లో గ్రంథాలయంగా, ఉమ్మడి పనిస్థలంగా తెరిచారు. పేరు లోక్‌హాల్. పెట్రా బ్లేస్ సంస్థ రూపొందించిన భారీ తెరలు అక్కడ పక్కకు జరుగుతాయి. సమావేశానికి తెర లాగితే చోటు వేరవుతుంది, చప్పుడూ తగ్గుతుంది. ఎత్తైన కప్పుతో వేడి సంగతీ చూసుకోవాలి. అది చలిదేశం, వేడిగాలి పైకి పోతుంది. కాబట్టి షెడ్డంతా కాకుండా మనుషులుండే చోటే వెచ్చబరుస్తారు.

మన రేకుల గోదాముల్లో బాధ వేరు. ఎండకు కాలిన రేకు కింద కూర్చున్నవాళ్ల మీదకు వేడిని ప్రసరింపజేస్తుంది. రేకు కింద మందపాటి ఇన్సులేషన్ వేస్తే ఆ సెగ తగ్గుతుంది, వాన చప్పుడూ తగ్గుతుంది. ఫాల్స్ సీలింగ్ వేస్తే ఘనపరిమాణం తగ్గి ప్రతినాదం కూడా అణుగుతుంది, నిజమే. కానీ వేడిగాలి చేరడానికి పైనున్న చోటు పోతుంది. ఎత్తు అలాగే ఉంచి, చల్లగాలిని నేలకు దగ్గరగా నెమ్మదిగా వదిలితే మనుషులున్నంత ఎత్తు చల్లబడుతుంది, ఆ పైనున్న గాలికి కరెంటు ఖర్చు పెట్టనక్కర్లేదు.